హారిక ఎడమ కన్ను, మేము దాచిన సాలెపురుగు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి హారిక ఎడమ కన్ను మూసుకుని అన్నం తింటోంది. తొమ్మిదేళ్ళ పిల్ల కదా, ఏదో ఆటనుకున్నాను. తెరవమంటే తెరిచింది, మరుక్షణం కిటికీ వైపు నుంచి మొహం తిప్పేసుకుంది. తెల్లగుడ్డంతా ఎర్రబడి ఉంది. చెంప మీదికి నీళ్ళు కారుతున్నాయి.

"ఏటయిందే?" అన్నాను.

"కుఛ్ నహీఁ. చుభ్ రహా హై." గుచ్చుకుంటోందట. మేము తెలుగులో అడిగితే మా పిల్ల హిందీలోనే జవాబిస్తుంది.

జంషెడ్‌పూర్‌లో కన్ను ఎర్రబడితే ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఇనుప పొడి పడిందంటారు. మా ఆయనకు బర్మామైన్స్‌లో గేట్లు, గ్రిల్లులు చేసే చిన్న వర్క్‌షాప్ ఉంది. చొక్కా విప్పి దులిపితే గ్రైండింగ్ పొడి రాలుతుంది. అక్కడ పనివాళ్ళ కంట్లో రవ్వ పడితే పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ముక్కను రెప్ప దగ్గర ఆడిస్తారు. ఆయన అదే చేశారు. రెప్ప ఎత్తి పట్టుకుని అయస్కాంతాన్ని అటూ ఇటూ తిప్పారు. ఏమీ రాలేదు. హారిక ఏడుస్తూ కన్ను గట్టిగా నులుముకుంది. ఆ నులమడం ఎంత చెడ్డదో అప్పటికి మాకు తెలియదు.

మా ఇంటి సంగతి ఇక్కడే చెప్పాలి. గోల్‌మురిలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుంటాం. మా ఆయన, నేను, హారిక, మా అత్తగారు, మా మరిది శేఖర్. శేఖర్ పెళ్ళి కానివాడు, ఉక్కు కంపెనీలో కాంట్రాక్టు పని, సాయంత్రాలు మా వర్క్‌షాప్‌లో సాయం. వాడి గదిలో గాజుపెట్టెలో ఒక టరాంటులా ఉండేది. అరచేయంత పెద్ద సాలెపురుగు, ఒళ్ళంతా నూగు. దక్షిణ అమెరికా జాతి అన్నాడు, కోల్‌కతా నుంచి తెచ్చాడు. హారిక దానికి లడ్డూ అని పేరు పెట్టింది.

నేను పదో తరగతితో చదువు ఆపేశాను. వర్క్‌షాప్ ఎస్టిమేట్లు వేయడం నాకు నేనే నేర్చుకున్నాను. ఏ గేటుకు ఎన్ని కిలోల ఇనుము పడుతుందో కొలత చూసి చెప్పగలను. లడ్డూ వచ్చిన రోజు కూడా లెక్కలే వేశాను. మూత పక్కన సందు ఎంత, దాని కాలు ఎంత లావు, మూతను ఎత్తే బలం దానికి ఉందా అని చూసి, మూత మీద రెండు కిలోల తూకపు రాయి పెట్టించాను. మూత తెరిచినప్పుడు పిల్ల గదిలో ఉండకూడదని నియమం పెట్టాను. నా లెక్కంతా కాటు గురించే. దాని వెనక భాగాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో నియమం మా అత్తగారు పెట్టారు. కింద వాటాలో ఇంటి యజమాని ఉంటారు. రిటైరైన పెద్దమనిషి, మేము బాబూజీ అంటాం. వాటా ఇచ్చేటప్పుడే కుక్క, పిల్లి, చిలక, ఏదీ పెంచకూడదని చెప్పారు. "తెలిసిందంటే సామాన్లు రోడ్డు మీద పడేత్తాడు. ఇంటి గుట్టు లంకకు చేటు" అని మా అత్తగారు రోజూ అనేవారు. హారికను కూర్చోబెట్టి నేర్పింది మాత్రం నేనే. బడిలో, మేడ మీద, మెట్ల దగ్గర, ఎవరు అడిగినా మా ఇంట్లో ఏమీ లేదని చెప్పాలి. పిల్ల చక్కగా నేర్చుకుంది.

ఆ ఆదివారం ఉదయం నేను జుగ్సలాయి గోదాముల్లో పైపుల ధరలు కనుక్కుంటున్నాను. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు.

సోమవారం మా వీధి చివరి క్లినిక్‌కు తీసుకెళ్ళాం. నేనే చెప్పాను, గ్రైండింగ్ పొడి పడి ఉంటుందని. డాక్టరు టార్చితో చూశారు. తుప్పు మరక కోసం వెతికారు, కనిపించలేదు. "పొడి ఉంటే నీళ్ళతో పోయింది. ఇది కంజంక్టివైటిస్, కళ్ళకలక. చాలామంది పిల్లలకు వస్తోంది" అని యాంటీబయాటిక్ డ్రాప్స్ రాశారు. ఆయన తప్పేమీ లేదు. మేము చెప్పిన దారిలోనే వెళ్ళారు.

డ్రాప్స్‌తో తగ్గలేదు. పిల్లకు వెలుతురు పడేది కాదు. కర్టెన్లు వేసి, బల్బు తీసేసి, వంటింటి వెలుగులో తిండి పెట్టేదాన్ని. మళ్ళీ వెళితే వేరే సీసా ఇచ్చారు. దాంట్లో కొంచెం స్టెరాయిడ్ కూడా ఉందని తర్వాత తెలిసింది. రెండు రోజుల్లో ఎరుపు దిగింది. మా అత్తగారు దిష్టి తీశారు, పిల్ల బడికి వెళ్ళింది. సీసా అయిపోయింది. వారం తిరక్కుండా కన్ను ముందుకంటే ఎర్రగా అయింది. ఈసారి నల్లగుడ్డు మీద పొగలాంటి మసక.

బోర్డు మీది అక్షరాలు ఆ కంటితో కనిపించడం లేదని టీచరు చెప్పి పంపారు. ఇంట్లో కుడి కన్ను చేత్తో మూసి, నా వేళ్ళు చూపించి ఎన్నని అడిగాను. "మూడు" అంది. నేను రెండే చూపించాను. 

సాక్చిలో కళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరాం. మా ఆయన స్కూటరు తీస్తుంటే బాబూజీ గేటు దగ్గరికి వచ్చారు. ఎండలో పిల్ల మొహం నా కొంగులో దాచుకోవడం చూసి, "బిటియా స్కూటర్ పే నహీఁ జాయేగీ" అని, పిల్లను స్కూటరు మీద వద్దంటూ తన కారు తీశారు. మా ఆయన వర్క్‌షాప్‌కు వెళ్ళిపోయారు. నేను, హారిక వెనక సీట్లో. వద్దంటే బాగుండదు కదా. క్లినిక్‌లో కూడా ఆయన మాతోనే లోపలికి వచ్చి, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు.

డాక్టరు హారిక గడ్డాన్ని స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష మిషన్ మీద ఆనించి చాలాసేపు చూశారు. రెప్ప తిప్పి చూశారు. లైటు సన్నం చేసి మళ్ళీ చూశారు. ఆయన హిందీలో మాట్లాడారు. నాకు గుర్తున్నంతవరకు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఇది ఇనుము కాదు. కార్నియాలో, అంటే నల్లగుడ్డు మీది పొరలో, సన్నటి పోగులున్నాయి. రోమాల్లాంటివి. ఇంట్లో ఏం పెంచుతున్నారు?"

"ఏమీ లేవు సార్" అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది మాట.

"కుక్క? పిల్లి?"

"లేవు సార్."

"పాప గొంగళిపురుగును పట్టుకుందా? ముళ్ళ మొక్కల దగ్గర ఆడుకుందా?"

"లేదు సార్."

హారిక గడ్డం ఇంకా మిషన్ మీదే ఉంది. కుడి కన్ను పక్కకు తిప్పి నన్ను చూసింది. చెప్పనా అని అడుగుతోంది. నేను బాబూజీ వైపు చూశాను. ఆయన నా కూతురి నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

డాక్టరు కుర్చీ నా వైపు తిప్పారు. "చూడండమ్మా. ఇది మొక్క పోగైతే ఫంగస్ భయం ఉంది. అప్పుడు స్టెరాయిడ్ వేస్తే కన్ను పోతుంది. జంతువు రోమమైతే స్టెరాయిడ్ వేయాలి, వేయకపోతే లోపల వాపు పెరిగి మచ్చ పడుతుంది. ఒకదానికి మందు, రెండోదానికి విషం. నేను ఊహించి వేయనా?"

రెండు వైపులా తూచి చూస్తే ఇటు ఇల్లు, అటు కన్ను. అది తూచాల్సిన లెక్కే కాదు. అయినా తూచాను.

"సాలెపురుగుంది సార్. పెద్దది. టరాంటులా."

"క్యా?" అన్నారు వెనక నుంచి బాబూజీ.

డాక్టరు ఆయన వైపు చూడలేదు. హారిక వైపు వంగి, "నువ్వు దాన్ని ముట్టుకున్నావా బేటా?" అన్నారు.

హారిక నన్నే చూస్తోంది. "నహీఁ బతానా థా న, అమ్మా?" చెప్పకూడదు కదా అని.

"సెప్పమ్మా. అన్నీ సెప్పు" అన్నాను. 

అప్పుడు చెప్పింది. ఆ ఆదివారం చిన్నాన్న పెట్టె శుభ్రం చేశాడు. లడ్డూను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి ఆ డబ్బా తనకు పట్టుకోమని ఇచ్చాడు. పెట్టె అడుగున కొబ్బరిపొట్టు, గూడు దారాలు ఉన్నాయి. వర్క్‌షాప్ నుంచి తెచ్చిన బ్లోయర్‌తో ఊదాడు. ధూళి మొహం మీదికి వచ్చింది. అప్పుడే గుచ్చుకుంది.

అంటే పిల్లకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఇద్దరు డాక్టర్ల ముందు, టీచరు ముందు నోరు విప్పలేదు. మేము నేర్పింది నేర్పినట్టు పాటించింది.

డాక్టరు కాగితం మీద గీసి చూపించారు. అమెరికా వైపు జాతుల్లో చాలావాటికి వీపు మీద వెనక భాగంలో ఈ రోమాలుంటాయి. భయపడితే వెనక కాళ్ళతో గీకి గాల్లోకి వదులుతాయి. గూటిలో, అడుగు పొట్టులో కూడా కలుపుకుంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరు కంటే పొట్టిది, ఒంటినిండా ముళ్ళు. "ముందుకే పోతుంది. వెనక్కి రాదు. నులిమిన ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి" అన్నారు. "అందరూ కాటుకు భయపడి మూత చూస్తారు. పిల్లలున్న ఇంట్లో అసలు భయం దీనికి."

కోల్‌కతాలో పెద్ద కంటి ఆసుపత్రికి రాసిచ్చారు, ఆలస్యం చేయొద్దన్నారు.

తిరుగు దారిలో బాబూజీ కారు నడుపుతున్నారు. అద్దంలో ఆయన కళ్ళు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంటి ముందు కారు ఆపి, తాళం తీసి, చివరికి హిందీలోనే అడిగారు.

"దాని తిండి ఏమిటి?"

"కీచురాళ్ళు, బాబూజీ. శేఖర్ డబ్బాలో తెచ్చి పెడతాడు."

"అలాగా. చలికాలంలో కూడా నా పడగ్గది మీద కీచురాయి అరుస్తుంటే స్నానాల గది తూము జాలీ రెండుసార్లు మార్పించాను." కారు దిగి తలుపు గట్టిగా వేశారు. "ముందు పిల్లను చూడండి. ఆ సాలెపురుగు ఈ రాత్రి నా కప్పు కింద ఉండకూడదు."

పైన మా అత్తగారికి విషయం చెప్పగానే చెప్పు తీసుకుని శేఖర్ గది వైపు వెళ్ళారు. "ఏటిరా ఇది? పిల్ల కన్ను తీసేత్తావా? ఇప్పుడే సెప్పుతో కొట్టి సంపేత్తాను దాన్ని!"

"అమ్మా, పెట్టె ముట్టుకోకు! నీ కంట్లో కూడా పడతాయి!" శేఖర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు. "నేను ఇనుమే అనుకున్నాను వదినా. బ్లోయర్లో మిగిలిన పొడి ఏమో అనుకున్నాను. పిల్లని పక్కన ఉంచుకున్నానని తిడతావని సెప్పలేదు."

"బ్లోయరెందుకు తెచ్చావురా ఇంటికి?" అన్నారు అప్పుడే వర్క్‌షాప్ నుంచి వచ్చిన మా ఆయన.

"షాపులో సాయంత్రం మనం మిషన్లకీ ఊదుతాం, మన మొహాలకీ ఊదుకుంటాం గదా అన్నయ్యా. నాకేటి తెలుసు?"

వాడి ముంజేతుల మీద ఎప్పుడూ ఎర్రటి దద్దుర్లుండేవి. ఉక్క వల్ల అనుకునేవాడు. సాలెపురుగు వెనక భాగం బోడిగా ఉంటే వయసైపోయిందనుకున్నాడు. సమాధానం వాడి ఒంటి మీదా దాని ఒంటి మీదా ఉంది. ఎవరూ కలిపి చూడలేదు.

"మత్ మారో మామ్మా!" కొట్టొద్దని హారిక మంచం మీద నుంచి అరిచింది. ఒక చేత్తో కన్ను మూసుకునే ఉంది. "లడ్డూ డర్ గయా థా!" భయపడిందట.

మా అత్తగారు చెప్పు కింద పడేసి గోడవారన కూర్చుండిపోయారు. సాయంత్రం శేఖర్ పెట్టెకు తడిగుడ్డ చుట్టి, వర్క్‌షాప్ గాగుల్స్ పెట్టుకుని, జుగ్సలాయిలో గోదాము మీద స్నేహితుడి గదికి తీసుకెళ్ళాడు. వాడూ అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో వాడి గదిని మేము తడిగుడ్డలతో తుడిచాం, పరుపు కవర్లు తీసేశాం, చీపురు వేయలేదు.

కోల్‌కతాలో డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కంట్లో చుక్కలు వేసి, కంటి లోపలి వరకు పరీక్ష చేశారు. ఎడమ కన్ను చూపు సిక్స్ బై థర్టీసిక్స్. అంటే మంచి కన్ను ముప్పై ఆరు మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని నా కూతురు ఆరు మీటర్ల దగ్గరికొస్తే గాని చదవలేదు. ఆ లెక్క నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

"ఎన్ని ఉన్నాయి మేడమ్?" అన్నాను.

"లెక్కపెట్టకండి. ఎక్కడున్నాయో అడగండి. అంచున పది ఉన్నా పరవాలేదు. మధ్యలో ఒక్కటి చాలు ఇబ్బందికి."

నా జీవితంలో లెక్కపెట్టొద్దని చెప్పింది ఆవిడ ఒక్కరే.

పిల్లకు మత్తిచ్చి, కార్నియా పైకి కొస తేలిన వాటిని సన్నటి ఫోర్సెప్స్‌తో తీశారు. లోతుగా దిగినవి వదిలేశారు. "వాటి కోసం తవ్వితే తీసేదానికంటే పాడుచేసేది ఎక్కువ. ఒళ్ళు వాటికి అలవాటు పడేలా వాపు తగ్గిస్తాం" అన్నారు. స్టెరాయిడ్ డ్రాప్స్ గంట గంటకూ. రోమాలు ఇంకా లోపలికి, కంటి వెనక ఉండే రెటీనా వైపు వెళ్ళవచ్చు కాబట్టి చూస్తూ ఉండాలన్నారు.

ఇంటికి వచ్చాక ఎరుపు పోయి కన్ను తెల్లబడింది. మేము ఊపిరి పీల్చుకునేలోపు రెండో దెబ్బ తగిలింది. సాక్చి డాక్టరు చెకప్‌లో కంటి ప్రెషర్ చూశారు. మొదట పదిహేను ఉన్నది ముప్పై దాటింది.

"కొంతమంది పిల్లలకు స్టెరాయిడ్‌తో ఇలా పెరుగుతుంది. ఇలాగే ఉంటే కంటి నరం దెబ్బతింటుంది."

"అయితే ఆపేద్దామా సార్?"

"ఆపితే వాపు తిరిగొస్తుంది."

ఆ నెల ఎలా గడిచిందో నాకే తెలుసు. స్టెరాయిడ్ తగ్గిస్తే ఎరుపు, పెంచితే ప్రెషర్. ప్రెషర్ దించే డ్రాప్స్ వేరే. స్టెరాయిడ్ రకం మార్చారు. ప్రతిసారీ డాక్టరు అంకె చెప్పేవరకు నేను ఆయన పెదవులనే చూసేదాన్ని. ఇరవై ఎనిమిది, ఇరవై నాలుగు, మళ్ళీ ఇరవై ఏడు. గేటు బరువు తప్పితే మళ్ళీ కొలిచి సరిచేస్తాను. ఈ అంకె మీద నాకు ఏ అధికారమూ లేదు. వేళకు చుక్క వేయడం, పిల్ల చేయి కంటి దగ్గరికి పోకుండా పట్టుకోవడం, అంతవరకే నా పని.

ఇరవై లోపలికి వచ్చిన రోజు డాక్టరు నవ్వారు. నేను ఆయన గదిలోనే ఏడ్చేశాను. "రోయియే మత్" అని, ఏడవొద్దంటూ టిష్యూ ఇచ్చి, "ఇప్పుడే సంబరం వద్దు, మెల్లగా దించాలి" అన్నారు. మెల్లగానే దించారు.

ఇప్పుడు హారిక ఐదో తరగతి. ఎడమ కన్ను చూపు అద్దాలతో సిక్స్ బై నైన్. లోతున కొన్ని రోమాలు అలాగే ఉన్నాయి, ఉంటాయి. స్టెరాయిడ్ ఆగింది. ప్రెషర్ డ్రాప్స్ ఇంకా సాగుతున్నాయి. కొన్ని నెలలకోసారి చెకప్, పిల్ల పెద్దయ్యాక కూడా ఉంటుంది. ఎండలో నల్ల అద్దాలు పెట్టుకుంటుంది. కన్ను ఎర్రబడినా, నల్ల చుక్కలు తేలినా ఆ రోజే చూపించాలి.

బాబూజీ మమ్మల్ని ఖాళీ చేయించలేదు. అయితే శేఖర్ భోజనానికి వచ్చినప్పుడల్లా కింద కుళాయి దగ్గర చేతులు, మొహం కడిగి చొక్కా మార్చుకునేవరకు మెట్లకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. "సాథ్ మే కోయీ ఆయా హై?" అని అడుగుతారు. వెంట ఇంకెవరైనా వచ్చారా అని. శేఖర్ జేబులు బయటికి తీసి చూపిస్తాడు.

సాలెపురుగు జుగ్సలాయిలోనే ఉంది. పిల్ల పట్టుబట్టితే మేము పండగలకు తీసుకెళతాం. మూత తాళం వేసి ఉంటుంది, పిల్ల గాగుల్స్ పెట్టుకుని గదికి అవతలి వైపు నిలబడి చూస్తుంది. శేఖర్ దాన్ని చేత్తో పట్టుకోవడం మానేశాడు. శుభ్రం చేసే రోజు ఇంకెవరినీ గదిలోకి రానివ్వడు. గాగుల్స్, మాస్కు, గ్లవ్స్ వేసుకుని, పొట్టు మీద నీళ్ళు చిలకరించి తడిపి, తడి కాగితంతో తీస్తాడు. ఊదడం లేదు, ఊడ్చడం లేదు. ఆ బట్టలు వేరుగా ఉతుకుతాడు. ఇవన్నీ డాక్టర్లు చెప్పినవే. పిల్లలున్న ఇంట్లో ఇలాంటి ప్రాణి వద్దనే నేనంటాను. ఉంటే ఇంతకంటే తక్కువ జాగ్రత్త పనికిరాదు.

కానీ చదివేవారికి నేను చెప్పదలచుకున్న సలహా సాలెపురుగు గురించి కాదు. ప్రతి ఇంట్లోనూ పిల్లలకు బయట చెప్పొద్దని ఏదో ఒకటి నేర్పుతాం. నేర్పిన రోజే, ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరు అడిగితే అన్నీ చెప్పాలని, మేము పక్కన ఉన్నా, మా మొహం చూడకుండా చెప్పాలని కూడా నేర్పండి.

మొన్నటి చెకప్‌లో డాక్టరు మామూలుగా అడిగారు, డ్రాప్స్ సరిగ్గా వేస్తున్నారా అని. "వేస్తున్నాం సార్" అన్నాను.

"పోయిన వారం అమ్మ రెండుసార్లు మర్చిపోయింది" అంది హారిక హిందీలో. స్లిట్ ల్యాంప్ మీద గడ్డం ఆనించి ఉంది. నా వైపు తిరగలేదు.

డాక్టరు నన్ను చూశారు. అవునని తలూపాను.